మా అమ్మను మాట్లాడొద్దన్నది ఎవరు?

ఇది ఈ రోజే రాయాలి. "ఈ ఆయా బాబుతో రోజంతా ఒక్క మాట కూడా మాట్లాడదు, జాగ్రత్త" అని మా అమ్మ గురించి ఆమె పనిచేసిన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అమ్మకు చదవడం రాదు... నేనే చదివి వినిపించాను.

మా చిన్నప్పుడు... నార్సింగిలో మా రేకుల ఇంటి ముందు బండ మీద అమ్మ కాళ్లు చాపి కూర్చుని, తమ్ముణ్ణి వాటి మీద పడుకోబెట్టి నూనె రుద్దేది. చెయ్యీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు.

"ఏందిరా దొరా, గట్ల జూస్తున్నవ్? నీళ్లు కాగినయా అంటున్నవా?"

వాడు "ఉంగా" అనేవాడు.

"అవునా! ఇంకేం సంగతి?" అని అమ్మ ఆగేది... వాడి జవాబు కోసం నిజంగానే ఎదురుచూసేది. నేను చెంబు పట్టుకుని నవ్వేదాన్ని. లాల, బువ్వ, జోజో... అన్నీ వాడు ఆ మోకాళ్ల మీదే నేర్చాడు. మొదటి మాట మాత్రం "దా". కోడిని పిలిచాడు!

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. అమ్మ ఆయాగా చేరిన ఫ్లాట్‌లోని అక్క నన్ను "చెల్లీ" అనేది. నా డిగ్రీ అప్లికేషన్ పక్కన కూర్చుని నింపించింది. ఆమెలా ఉద్యోగం చేయాలని నాకు ఆశ.

వాళ్ల బాబుకు ఆరో నెలలో అక్క అంది, "చెల్లీ, మీ అమ్మకి నువ్వే కాస్త చెప్పవా? బాబుతో తెలుగులో మాట్లాడొద్దని. రేపు ఇంగ్లిష్ పాడైపోద్ది. ఫోన్‌లో రైమ్స్ పెడితే చాలు."

నేనే చెప్పాను. అమ్మ నవ్వింది. "పసిపోరనితోని మాట్లాడకుంట ఎట్లుంటరే? నేనేమన్న గోడనా?"

"వాళ్లు సదువుకున్నోళ్లమ్మా, వాళ్లకు ఎరుకుంటది" అన్నాను. ఆ రోజు నుంచి అమ్మ బాబు దగ్గర నోరు మూసుకుంది.

రెండేళ్లు నిండినా బాబుకు మాటలు రాలేదు. పోయిన వారం దవాఖానకు అమ్మను కూడా తీసుకెళ్లారు. "పగలు బాబుతో ఎవరు మాట్లాడతారు?" అని డాక్టరమ్మ అడిగిందట.

"ఈవిడేనండి ఉండేది. అస్సలు నోరు విప్పదు" అందట అక్క.

అమ్మ తలొంచుకుని బాబును ఒళ్లోకి తీసుకుందట. "ఏ భాషైనా సరే, మనిషి మాట్లాడాలి" అందట డాక్టరమ్మ. మర్నాడే అమ్మ పని పోయింది. ఆ సాయంత్రమే గ్రూపులో ఆ మెసేజ్.

"పోరడు నా మొకం జూసి ఏదో అంటుండె... నేను అటు తిరుగుతుంటి. గదే యాదికొస్తున్నది బిడ్డా" అంటోంది అమ్మ.

ఇప్పుడు ఈ టవర్లలో పసిపిల్లలున్న గదుల్లోంచి ఫోన్ పాటలే వినిపిస్తాయి... మీకు మాటలు నేర్పిన మనిషి ఎవరో కింద రాయండి, చదువుతాను.

అక్కా, మీరు ఈ పోస్టు చూస్తారని తెలుసు. నన్ను చెల్లీ అని పిలిచి, నా చేతనే అమ్మ నోరు మూయించారు. ఈ నెల ఇరవయ్యో తేదీన పక్క టవర్‌లో ఇంకో ఇంటివాళ్లు అమ్మను పెట్టుకునేదీ లేనిదీ చెబుతారు. పంతొమ్మిదో తేదీ సాయంత్రంలోగా అదే గ్రూపులో ఒక్క వాక్యం రాయండి... మాట్లాడొద్దని చెప్పింది మీరేనని.