పట్టుగూళ్లతో పోయిన ఉద్యోగం

ఇంగ్లండ్ ఉద్యోగం వదులుకుని ధర్మవరం ఎందుకొచ్చావని అడిగిన వాళ్లందరికీ "ప్రాజెక్ట్ అయిపోయింది" అని చెప్తున్నా. మీరు నా వాళ్లు కాబట్టి నిజం చెప్తా వినండి. నవ్వండి, పర్లేదు. మధ్యలో "అయ్యో పాపం" మాత్రం అనొద్దు, అంటే నిజంగానే ఏడ్చేస్తా. నా ఉద్యోగం పట్టుపురుగుల వల్ల పోయింది!

అక్కడ ఒక చిన్న ఊరి మ్యూజియంలో, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో పని. స్కూళ్ల నుంచి పిల్లలొస్తారు. బిల్డింగ్ నిండా "ముట్టుకోవద్దు" అని బోర్డులే. నా గదిలో మాత్రం ఏదైనా ముట్టుకోవచ్చు. పాత సామాన్లు వాళ్ల చేతుల్లో పెట్టి, ఇదేంటో చెప్పుకోండి చూద్దాం అనడమే నా డ్యూటీ. అంతకంటే హాయైన ఉద్యోగం భూమ్మీద ఉంటుందా! మధ్యాహ్నానికే చీకటి, ఎడతెగని వాన, ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తినడం, ఇవన్నీ ఆ పిల్లల మొహాలు చూసే ఓర్చుకున్నా. కాకపోతే టెంపరరీ.

ఒకరోజు మా బాస్ హెలెన్ పిలిచింది. "పట్టు మీద ఒక కొత్త సెషన్ చెయ్యి. కమిటీ వాళ్లు వచ్చి కూర్చుంటారు. నచ్చితే నీ పోస్టు పర్మనెంట్" అంది. నచ్చకపోతే వీసా అయిపోయేలోపు సామాను సర్దుకోవాలని ఆవిడ చెప్పలేదు, నాకే తెలుసు.

పట్టు! ధర్మవరం పిల్లకు పట్టు మీద పరీక్షా! మగ్గం చప్పుడు వింటూ అన్నం తిని పెరిగినదాన్ని. గాల్లో తేలిపోయా. చీరలు ఎవరైనా చూపిస్తారు, నేను అసలు పట్టుగూళ్లే పిల్లల చేతుల్లో పెడతానని లీవ్ పెట్టి ఇక్కడికి వచ్చేశా.

హిందూపురం పక్కన మా మామ మల్బరీ తోట పెట్టి పురుగులు మేపుతాడు. నేను పోయేసరికి మార్కెట్‌కు తీసుకుపోయే గూళ్లలోంచి మంచివి ఏరి, అట్టపెట్టెలో పెట్టి ఉంచాడు.

"సూడు పాపా, ఎట్లుండాయో! తెల్లోళ్ల పిల్లోళ్లు నోరెళ్లబెట్టల్ల."

"దుడ్లెంత మామా?"

"దుడ్లంటే తంతా. పో. ఇంగ నువ్వు ధర్మవరం దానివి, వీటి గురించి నీకు నేను చెప్పేదేముండాదిలే."

"అవును మామా" అన్నా.

అక్కడ అడగాల్సింది. అడగలేదు. అసలు సంగతేంటంటే, ధర్మవరంలో మాకొచ్చేది దారం. రంగులేసిన దారం. మగ్గం గురించి అడగండి, పొద్దస్తమానం చెప్తా. గూడు దారమయ్యే లోపల ఏం జరుగుతుందో నాకు ఓనమాలు రావు. కానీ "ధర్మవరం దానివి" అన్న మాట చెవిన పడ్డాక ఇంకేం అడుగుతాం!

దారిలో పెనుకొండలో దిగి మేనత్త ఇంటికి పోయా. అత్త ఉగ్గాని పెట్టి, ఒక గూడు తీసుకుని చెవి దగ్గర ఆడించింది.

"ఏమే, లోపల ఏందో కదుల్తాండాది?"

"పురుగు అత్తా. చచ్చిపోయి ఎండిపోయుంటాది."

"ఎండిపోయినేది ఇంత బరువుంటాదా?"

"అత్తా, నేను మ్యూజియంలో పని చేస్తాండా!"

పాపం, అత్త ఇంకో గరిటె ఉగ్గాని వేసి ఊరుకుంది. ఎయిర్‌పోర్ట్‌లో కూడా ఎవరూ నా పెట్టె తెరవలేదు. అక్కడైనా ఎవరో ఒకరు ఆపి, నాలుగు తిట్టి, ఆ గూళ్లు లాక్కుని ఉంటే నా బతుకు బాగుపడేది.

ఇప్పుడు మా మ్యూజియం రూలు ఒకటి చెప్పాలి. బయటి నుంచి ఉన్ని, పట్టు, కట్టె, ఈక, ఏదొచ్చినా ముందు పెద్ద ఫ్రీజర్‌లో పెట్టాలి. లోపల పురుగుంటే చచ్చిపోవాలని. రెక్కల పురుగంటే వాళ్లకు అంత భయం. పై అంతస్తులో ఎప్పటివో ఉన్ని తెరలు, కోట్లు ఉన్నాయి, వాటిని కొరికి తినేస్తుందని. హెలెన్ అడిగింది, "ఫ్రీజర్‌కు పంపావా?" పంపితే వారాలు పడుతుంది. సెషన్ నెత్తి మీదికొచ్చింది. "అక్కర్లేదు హెలెన్, అన్నీ చచ్చిపోయినవే. మాది పట్టు ఊరు, నాకు తెలుసు" అని గట్టిగా చెప్పేశా. ఆవిడ నమ్మింది.

గూళ్లు నా టేబుల్ మీద హీటర్ పక్కనే పెట్టుకున్నా. చలి కదా అని!

సెషన్ రోజు పొద్దున పిల్లలంతా కార్పెట్ మీద కూర్చున్నారు. వెనక కుర్చీల్లో కమిటీ, పక్కన హెలెన్. నేను పట్టుచీర కట్టుకుని, మంత్రగత్తెలా చేతులు తిప్పుతూ పెట్టె మూత తీశా.

లోపలంతా తెల్లగా, కాళ్లతో, రెక్కలతో పాకుతోంది!

గూళ్లకు చిల్లులు పడ్డాయి. సీతాకోకచిలుకలు బయటకొచ్చేశాయి. కొన్ని రెక్కలు టపటపలాడిస్తూ కార్పెట్ మీద పడ్డాయి, ఒకటి నా కుచ్చిళ్ల మీదికెక్కింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. ఇంకా ఘోరం, బయటకు రాగానే అవి జంటలు కట్టేశాయి. ముందు వరుసలో ఒక పాప చెయ్యెత్తింది. "మిస్, అవి రెండూ వెనకనుంచి ఎందుకతుక్కున్నాయి?"

"ఫ్రెండ్స్ అమ్మా" అన్నా.

"మరి ఆ ఫ్రెండు గుడ్లు పెడుతోంది మిస్!"

హెలెన్ మొహం చూడలేకపోయా. ఎవరో పరిగెత్తుకెళ్లి గది తలుపులు మూసి సందుల్లో టేపు అంటించారు. పై అంతస్తు మూసేశారు. పిల్లల్ని ఒక్కొక్కరినీ దులిపి మరీ బయటికి పంపారు. పెట్టె, కార్పెట్, దిండ్లు, చివరికి తలుపు వెనక తగిలించిన నా ఉన్ని కోటు కూడా ఫ్రీజర్‌కే పోయింది. ఆ చలిలో పట్టుచీరతో బస్టాపులో నిలబడి, వణుకుతూ మామకు ఫోన్ చేశా.

"ఆవిరి పట్టి లోపలి పురుగును సంపీలేదా పాపా? పట్టకుంటే బయటికొచ్చేస్తాయి కదా!"

"నువ్వు చెప్పలేదు కదా మామా!"

"ధర్మవరం దానివి, నీకు చెప్పేదేముండాది అనుకుంటి."

ఫోన్ పెట్టేసి ఏడ్చా. బస్సు వచ్చింది, పోయింది. ఎక్కలేదు. ఆ గది, ఆ పిల్లలు ఇక నాకు లేరని అప్పుడే తెలిసిపోయింది.

మరుసటి రోజు హెలెన్ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. వాళ్లు టీ ఇచ్చారంటే అర్థం చేసుకోవాలి. పురుగుల్ని పరీక్ష చేయించారట. అవి ఉన్నిని, బట్టల్ని ముట్టవట. బతికే ఆ కాసిని రోజులూ ఏమీ తినవట.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నష్టమేం లేదు కదా! మరి నా పోస్టు?"

హెలెన్ కప్పు కింద పెట్టింది. "పురుగుల వల్ల కాదు" అంది మెల్లగా. "తెలుసు అన్నావు. నేను నమ్మాను. ఇకమీద నువ్వు తెలుసంటే నేను మళ్లీ చూసుకోవాలి కదా."

ఆ టీ తాగేసి, సామాను సర్దుకోవడానికి లేచా.

అదీ జరిగింది. ఆ సీతాకోకచిలుక ఎందుకు తినదో ఇంటికొచ్చాక చదివా. దానికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదంట. నా కొంప ముంచింది అది కాదు. నోరున్నది నాకు!