మలుపు మలుపుకీ ఆకలి

"మళ్ళీ స్టవ్ తీస్తున్నారేంటి? ఇప్పుడేగా తుడిచి సంచీలో పెట్టాను."

"తుడిచావు కాబట్టే తీస్తున్నా. శుభ్రంగా ఉంది."

"ఇందాక తిన్న గుడ్లు ఎక్కడికి పోయాయండీ?"

"అవి ఇందాకటి ఆకలికి. ఇది వేరే ఆకలి."

టెంటు గుడ్డకి అటువైపు అత్తయ్య, మామయ్య. ఇటువైపు స్లీపింగ్ బ్యాగులో నేను. నేషనల్ పార్కులో పక్షులింకా లేచాయో లేదో గానీ, మా మామయ్య ఆకలి మాత్రం లేచి కూర్చుంది.

ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయనకి ఆరుబయట ఆకలేస్తుంది. ఇంట్లో రెండు బ్రెడ్డు ముక్కలు తిని లేచిపోయే మనిషి, కొండదారి పట్టాడంటే చాలు, పార్కు వాళ్ళు వంటకని అరుగు కట్టిన ప్రతి మలుపులోనూ కూలబడి చిన్న గ్యాస్ స్టవ్ వెలిగిస్తాడు. ఒకచోట సూపు, ఒకచోట నూడుల్స్, ఇంకోచోట టీ. వృత్తికి లిఫ్టు మెకానిక్. ఊళ్ళో జనాన్నంతా చెమట పట్టకుండా పైకి పంపేవాడు, తను ఎక్కాల్సి వచ్చేసరికి అంతస్తు అంతస్తుకీ ఆగిపోతాడు.

నిజం చెప్పొద్దూ, ఆ తిండి బాగుంటుంది. ఇంట్లో అవే నూడుల్స్ చేసి పెడితే ముట్టను. అక్కడ చలిగాలిలో, వేళ్ళు కాలుతుండగా, గిన్నె వంపుకుని తాగేస్తాను. నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంప తొక్క ఒలిచి ఉప్పు చల్లుకుంటే, పెళ్ళి భోజనం కూడా దాని ముందు దిగదుడుపే. కాలేజీ మానేశాక, 'తర్వాతేంటి' అని అడగని మనుషులు నాకు ఆ టెంటులోనే దొరికారు. అక్కడ తర్వాతేంటి అంటే టీయా, సూపా అని అర్థం.

అత్తయ్య మా నాన్నకి అక్క. బళ్ళో డ్రిల్లు టీచరుగా రిటైరైంది. ఈల ఇంకా మెడలోనే ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ కుర్చీలో కూర్చున్నది గ్రూపు ఫొటోల కోసమే. ఏటా పిల్లల్ని ఈ కొండ మీదికి తోలుకొచ్చేది. తర్వాత మోకాలికి ఆపరేషనైంది. కిందటేడు సగం కొండెక్కాక ఎవరో పుణ్యాత్ముడు "పాపం, పెద్దావిడ అలిసిపోయారు, కాసేపు కూర్చోబెట్టండి" అన్నాడు. అంతే. గిరుక్కున తిరిగి దిగిపోయింది.

ఈసారి బయల్దేరేముందు అందరి ముందూ తేల్చి చెప్పింది. "పైకి చేరానా సరే. లేదంటే ఆ టెంటు ఎవరికైనా ఇచ్చేయండి. ఇక నాకు అడవులూ వద్దు, బూట్లూ వద్దు."

అన్నంత పనీ చేసే మనిషి. పైగా మధ్యాహ్నం దాటితే ఫారెస్టు గార్డు శిఖరం దారికి గొలుసు కట్టేస్తాడు. ఇన్ని తెలిసీ మా మామయ్య మొదటి మలుపులోనే సంచీ దించాడు.

"కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు.

"ఎందుకు తిరగవు? సూపు వాసన ఎటునుంచి వస్తోందో వెతుకుతున్నాయి" అంటూ అత్తయ్య అరుగు మీద కూలబడి, ఆయన ఎప్పుడెప్పుడు, ఎక్కడెక్కడ, ఏమేం తిన్నాడో మొదలుపెట్టింది. పెళ్ళిచూపుల్లో తిన్న బిస్కెట్ల దగ్గర్నుంచి వచ్చింది. ఆయన తలాడిస్తూ, ఊదుకుంటూ, తాపీగా సూపు తాగాడు.

రెండో మలుపులో నూడుల్స్. మూడో మలుపులో ఆమ్లెట్. మా వెనక బయల్దేరిన వాళ్ళు మమ్మల్ని దాటి, పైకి పోయి, ఫొటోలు దిగి, కిందికి వస్తూ మళ్ళీ పలకరించారు. "ఇంకా వంట అవలేదాండీ?" అని ఒకావిడ అడిగింది కూడా.

నేను ఆగలేక మొహం మీదే అనేశాను. "మామయ్యా, మీ పొట్ట మూలంగా అత్తయ్య కొండ పోయేట్టుంది."

"ఉల్లిపాయ సన్నగా తరుగు అల్లుడూ" అన్నాడాయన.

గొలుసు దగ్గరికి చేరేసరికి గార్డు ఒక కొస కట్టేసి, రెండోది చేతిలో పట్టుకుని ఉన్నాడు. "టైమైపోయిందండీ" అన్నాడు. అత్తయ్య మొహం మాడిపోయింది. అక్కడా మామయ్య సంచీ దించాడు.

"సిగ్గు లేదూ మీకు?" అంటూ ఆవిడ బండ మీద కూర్చుని అందుకుంది. ఈసారి అత్తగారి వైపు బంధువుల్ని కూడా వదల్లేదు. ఆ తిట్ల నడుమ నూడుల్స్ ఉడికాయి, పైన చీజు కరిగింది, మిరియాలు పడ్డాయి. పొద్దున్నుంచీ చల్లటి బ్రెడ్డు మీద ఉన్న గార్డు గుటక వేశాడు. మామయ్య పెద్ద గిన్నె నిండా పోసి అందించాడు. పొగలు కక్కే గిన్నె, ఒక చేత్తో ఆగదు. గార్డు గొలుసు కింద పెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు.

అత్తయ్య లేచింది. గొలుసు దాటింది. గార్డు నోరు తెరిచాడు గానీ అందులో మాటకి చోటు లేదు. చివరికి గడ్డంతోనే "వెళ్ళండి, తొందరగా వచ్చేయండి" అని సైగ చేశాడు.

ఎక్కేసింది, వెనకే మేమిద్దరమూ. శిఖరం మీద నడుం మీద చేతులు పెట్టుకుని, పార్కంతా తన స్కూలు గ్రౌండైనట్టు చూసింది. కింద సరస్సు, దాని ఒడ్డున ఎవరో విదిల్చిన బ్రెడ్డు పొడిలా జింకలు. ఈల తీసి ఒక్కటి ఊదింది. లోయ మూడుసార్లు హాజరు పలికింది. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు ఎందుకో తెలియకుండానే వరసలో నిలబడ్డారు.

"ఈయనగారి తిండి యావ లేకపోతే ఎప్పుడో వచ్చేదాన్ని" అంది వాళ్ళతో.

"నిజమే" అన్నాడు మామయ్య.

సీసాలు ఖాళీ అయితే, పక్కనున్న ఊట దగ్గరికి నేనూ ఆయనా బయల్దేరాం. అప్పుడు చూశాను మా మామయ్య నడక. మేకపోతులా బండల మీంచి గెంతుతున్నాడు. నాకే ఊపిరాడక బిస్కెట్ ప్యాకెట్టు తీశాను. దాన్ని చూసి ఆయన మొహం తిప్పుకున్నాడు.

"వాసన కూడా చూపించకు. రెండో మలుపుకే గొంతు దాకా వచ్చింది."

"మరి ఎందుకు తిన్నారు?"

"తినకపోతే మీ అత్తయ్యకి అనుమానం రాదూ?"

నేను సీసా నింపడం ఆపి ఆయన వంక చూశాను. "కాసేపు కూర్చోమని మీరే చెప్పొచ్చుగా?"

"కూర్చోమంటే ఏమైందో కిందటేడు చూశావుగా. కూర్చోమంటే కూర్చునే మనిషి కాదురా. నన్ను తిట్టడానికైతే కూర్చుంటుంది. నిలబడి తిడితే తృప్తి ఉండదట." బెల్టు ఇంకో రంధ్రం వదులు చేసుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్క సాయం చెయ్యి అల్లుడూ. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే కష్టం. నా పొట్టలో ఇంక టీ చుక్కకి కూడా చోటు లేదు. మొదటి మలుపు రాగానే ఆకలని నువ్వు గోల పెట్టు. మర్యాదగా అడిగేవు, బాగా తిట్లు పడేలా అడుగు."