బాస్ వరుసలో మూగనోరు

లాయిడ్ హెగ్‌డాల్ కడుపులో ఉండగానే కాలితో తాళం వేశాడని వాళ్ళ అమ్మ ఊరంతా చెప్పుకుంది. విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్ళో కోతలకు పన్ను లేదు కనక ఎవరూ అడ్డు చెప్పలేదు. చిన్నప్పుడే మంగలి షాపు బెంచీ మీద కూర్చుని పెద్దవాళ్ళతో గొంతు కలిపాడు. పెరిగాక నీటి గొట్టాలు బాగుచేసే పని పట్టాడు గాని, ప్రాణమంతా మంగళవారం సాయంత్రాల మీదే.

ఆ సాయంత్రాలు లూథరన్ చర్చి కింది హాల్లో ఊరి మగవాళ్ళు వాద్యమన్నది లేకుండా పాడతారు. లీడ్ గొంతులు పాట నడిపిస్తే, టెనర్లు దాని నెత్తినెక్కుతారు, బాస్‌లు అడుగున పునాది వేస్తారు, మిగిలిపోయిన స్వరాలు బారిటోన్లు ఏరుకుంటారు. నాలుగూ సరిగ్గా అతుక్కుంటే, ఎవరూ పాడని అయిదో గొంతు పైన మోగుతుంది. ఒకసారి ఆ మోతకు చర్చి వంటింట్లో కప్పులు సాసర్లు దిగి నడిచాయట. బృందాన్ని నడిపే లాయిడ్ ఆ మోత కోసం ఏమైనా చేసేవాడు. చేశాడు కూడా.

పాల లారీ నడిపే క్లెటస్ బ్రాండ్ల్ అతని చిన్ననాటి నేస్తం. బాస్ వరుసలో అతని గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది, కానీ పాట సాగేకొద్దీ శ్రుతి కిందికి జారేది. ఓ ఏడాది రాష్ట్ర స్థాయి పాటల పోటీలో వేదిక ఎక్కబోతుండగా లాయిడ్ అతన్ని తెర వెనక్కి లాగాడు.

“ఒరేయ్, ఇవాళ నోరు మాత్రం ఆడించు. శబ్దం వద్దు. నువ్వు జారుతున్నావు, వరుసంతా నీ వెనకే జారుతోంది.”

క్లెటస్ మెడలోని బో టై సర్దుకున్నాడు. “నోరేగా. ఆడిస్తాలే.”

కప్పు గెలిచారు. ఆపైన ఏళ్ళ తరబడి గెలుస్తూనే వచ్చారు.

మొన్న చలికాలం లాయిడ్ భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి ఎత్తకూడదన్నారు. మరొకతను బృందాన్ని నడుపుతుంటే, లాయిడ్ బాస్ వరుసలో క్లెటస్ పక్కన నిలబడ్డాడు. పక్కనుంచి ఊపిరి తప్ప ఏమీ రాలేదు. పెదవులు మాత్రం ప్రతి అక్షరాన్నీ శ్రద్ధగా పలుకుతున్నాయి.

విరామంలో ‘చెర్రీ పై’ అనే తీపి రొట్టె ముక్క తింటూ లాయిడ్ అడిగాడు, “ఏరా, గొంతు పోయిందా?”

“నువ్వే కదరా వద్దన్నావు.”

“ఆ ఒక్కరోజుకేరా!”

“మళ్ళీ పాడమని ఎప్పుడూ అనలేదుగా.” క్లెటస్ పళ్ళెం తుడిచాడు. “అదలా ఉంచు, ఆ ముక్క తింటావా తినవా?”

లాయిడ్ తన పళ్ళెం అటు జరిపాడు. పోటీ తర్వాత ఏ పాటా జారకపోవడం అతనికి తెలుసు. ఇన్నేళ్ళూ ఎందుకో అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

మర్నాడు వాళ్ళింటికి వెళ్తే క్లెటస్ భార్య అర్లీన్ తలుపు తీసింది. “ఇంట్లో కూడా పాడటం మానేశాడు, లాయిడ్. ముసలితనమనుకున్నాను. నిన్న రాత్రే అసలు సంగతి చెప్పాడు. ఆ ముసలితనం నువ్వేనా?”

లాయిడ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. లోపలికి వెళ్ళి, “తప్పు నాది. నువ్వు పాడాలిరా” అన్నాడు క్లెటస్‌తో.

“తుప్పు పట్టింది.”

“పట్టనీ. పాడు.”

వసంతానికి భుజం నయమై లాయిడ్ మళ్ళీ బృందం ముందు నిలబడ్డాడు. మొదటి పాటలోనే అడుగునుంచి బొంగురుగా ఒక గొంతు లేచింది. లాయిడ్ కళ్ళు చెమర్చాయి. రెండో చరణంలో శ్రుతి సన్నగా జారింది. అంతే, జీవితమంతా చేసిన అలవాటుకొద్దీ అతని బొటనవేలు దానంతటదే పైకి లేచింది: శ్రుతి ఎత్తండి.

క్లెటస్ దాన్ని చూశాడు. నోరు మూశాడు. ఈసారి పెదవులు కూడా కదల్లేదు.

లాయిడ్ ఆ వేలిని పిడికిట్లో ముడిచాడు. పాట ఆపలేదు. ముందు చోటు వదిలేసి, బాస్ వరుస నిలబడే మెట్టెక్కి క్లెటస్ పక్కన నిలబడ్డాడు. చెయ్యి ఊపేవాడు లేక బృందం తడబడుతూనే సాగింది. లాయిడ్ బాస్ స్వరం అందుకుని, కావాలనే శ్రుతి కిందికి జార్చాడు. చరణం చివరికి వస్తుండగా పక్కన బొంగురు గొంతు మళ్ళీ కదిలింది.

పాట ముగిసింది. పైన ఆ అయిదో గొంతు మోగలేదు.

“జారిందిరా” అన్నాడు క్లెటస్.

“జారింది.”

“నా వల్లేగా?”

“ఇద్దరం జార్చాం” అన్నాడు లాయిడ్, అతని మొహంలోకి చూడలేక చూస్తూ. “మళ్ళీ మొదట్నుంచి పాడదాం. నేనిక్కడే ఉంటాను.”