పాముచెవులాయన భార్య

ఊరంతా ఆయన్ను పాముచెవులాయన అనేది. ఇంజను చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడని పేరు. పేరుదేముంది లెండి! ఆఖరి పన్నెండేళ్ళూ ఆయన చెవి పక్కన డప్పు కొట్టినా వినపడేది కాదు. పెదవులు చూసి మాట పోల్చుకుంటూ నెట్టుకొచ్చాడు. ఆ సంగతి తెలిసింది భార్యకొక్కదానికే.

అసలు పని ఆమెది. వెనకగదిలో కిటికీ కింద కూర్చుని, ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బొరేటరు విప్పి, ముక్కముక్కా పెట్రోలు పళ్ళెంలో కడిగేది. జెట్టు అనే ఇత్తడి ముక్కకు వెంట్రుకంత రంధ్రం ఉంటుంది. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఊది, మళ్ళీ బిగించేది. ఆ తర్వాత ముందున్న మెకానిక్ షెడ్డులో, పదిమంది చూస్తుండగా, ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని బండి పక్కన కూర్చునేవాడు. ఆమె వెనక నిలబడి, ఇంజను చప్పుడు వింటూ ఆయన భుజం మీద చెయ్యి వేసేది. వేలితో ఒకసారి తడితే బిగించాలి, రెండుసార్లు తడితే విప్పాలి, అరచెయ్యి ఆనిస్తే ఆపాలి. చూసినవాళ్ళు "ఎంత అన్యోన్యమో!" అని ముచ్చటపడేవాళ్ళు. ముచ్చటట, ముచ్చట! నిలబడి నిలబడి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి.

"ఎన్నాళ్ళిలా? నా పనేదో నాదని నలుగురికీ చెప్పొచ్చుగా" అని ఆయనకు ఎదురుగా కూర్చుని అడిగేది.

"చెబుతానే. చెప్పకుండా పోను, ఒట్టు" అనేవాడు.

ఆ ఒట్టు పట్టుకునే ఆమె పన్నెండేళ్ళు గడిపింది. ఆయన పోయాడు. చెప్పిన జాడ ఎక్కడా లేదు. షెడ్డు మరిది చేతికొచ్చింది. టైర్లు మార్చమంటే మరిది ఘనుడే. కార్బొరేటరు దగ్గర మాత్రం ఓనమాలు రావు.

నెల తిరక్కుండా డ్రాయింగు మేష్టారు తన పాత బండి తోసుకుంటూ వచ్చాడు. కార్బొరేటరు అరిగిపోయింది, ఆ బండి మోడలువి ఇక దొరకవు. ఆరేళ్ళ తర్వాతి మోడలుది ఎక్కడో సంపాదించి తెచ్చాడు. ఆమె రెండు రోజులు కూర్చుని, పాతదాని జెట్లు కొత్తదాంట్లోకి మార్చి, లోపలి సూది ఎత్తు సరిచేసి, బండికి అమర్చింది. మరిదికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది కూడా.

"దీని స్క్రూ పాతవాటికి పూర్తిగా వ్యతిరేకం. వాటికి బిగిస్తే పెట్రోలు పెరుగుతుంది, దీనికి విప్పితే పెరుగుతుంది. మరిచిపోకు."

"నాకు తెలీదా వదినా!"

తెలిస్తే ఇంకేం? బండి దగ్గింది, బిగించాడు. ఆగిపోయింది. మళ్ళీ కిక్కు కొట్టాడు, మళ్ళీ బిగించాడు. చుట్టూ జనం పోగయ్యారు.

"ఆ విద్య మీ అన్నతోనే పోయిందయ్యా" అన్నాడు మేష్టారు.

గుమ్మంలో నిలబడ్డ ఆమె ఆ మాట వింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడనుకుంది. వచ్చి చెయ్యి చాపింది.

"ఇటివ్వు. నేను చేస్తాను."

మరిది గబుక్కున లేచి ఆమెను వెనకగదిలోకి తీసుకెళ్ళాడు.

"పరువు తియ్యకు వదినా. టార్చి పట్టుకుని నా వెనక నిలబడు, ఎవరికీ అనుమానం రాదు. ఒకసారి తడితే బిగించడం, రెండుసార్లయితే విప్పడం. అంతేగా?"

ఆమె గిరుక్కున తిరిగింది. "నీకెవరు చెప్పారు?"

"అన్నయ్యే. పోయే ముందురోజు. 'షెడ్డుతోపాటు మీ వదిన చెవులూ నీకే. బయట మాత్రం పొక్కనీకు' అన్నాడు."

ఒట్టు తప్పలేదు మహానుభావుడు! చెప్పే పోయాడు.

టార్చి పట్టుకుని ఆమె మరిది వెనక నిలబడింది. చచ్చినా తట్టకూడదనుకుంది. షెడ్డు మూతపడనీ, మొగుడి పేరు గంగలో కలవనీ. మరిది కిక్కు కొట్టాడు. ఇంజను అంటుకుంది, పెట్రోలు చాలక ఊపిరాడనట్టు కొట్టుకుంది. తన చేతులతో కడిగి, ఊది, అమర్చిన ముక్కలవి. ఇంకో క్షణంలో ఆగిపోతుంది.

ఆమె వేలు మరిది భుజం మీద రెండుసార్లు తట్టింది. తట్టాక గానీ ఆమెకు తెలియలేదు.

మరిది స్క్రూ విప్పాడు. ఇంజను కుదురుకుని నిదానంగా తిరగసాగింది. మేష్టారు మరిది వీపు చరిచాడు.

"పాముచెవులంటే ఇవీ! మీ వంశంలోనే ఉందయ్యా!"

జనం నవ్వారు. ఆమెకు ఏడుపు రాలేదు. తన చెయ్యంటే తనకే అసహ్యం వేసింది.