గెడ్డ వెడల్పు

నర్సీపట్నంలో నేను అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నప్పుడు, మాకవరపాలెం వైపు ఒక ఊరి మీద గెడ్డ, అంటే కొండవాగు, విరుచుకుపడింది. మధ్యాహ్నం కొండల మీద వాన కురిసింది. గంట తిరక్కుండా నీళ్లు వీధుల్లోకి వచ్చి, చెరుకు తోటల్ని పడుకోబెట్టి, పొద్దుగూకే వేళకి దిగిపోయాయి. వరద ఎందుకొచ్చిందో లెక్కకట్టి రిపోర్టు ఇవ్వమని నన్ను పంపించారు.

ఇలాంటి వరదను కొలవడానికి నీళ్లు ఉండక్కర్లేదు. గోడల మీద బురద ఎంత ఎత్తున అంటుకుందో చూసి, గెడ్డ వాలు, వెడల్పు కొలిస్తే ఎంత నీరు పారిందో తేలుతుంది. టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. చివరింట్లో ఒక ముసలావిడ ఉంది. గేదెలు రెండూ కట్టు రాట దగ్గరే చచ్చిపోయాయని, విప్పే వ్యవధి లేకపోయిందని చెప్పింది. ఏడవలేదు. నన్ను గెడ్డ దగ్గరికి తీసుకెళ్లింది. పైనుంచి విశాలంగా వస్తున్న గెడ్డ ఊరి దగ్గర పిల్లకాలువంత అయిపోయింది. రెండు పక్కలా మట్టి పోసి, ప్లాట్లకు రాళ్లు పాతారు.

"కప్పొద్దని సెప్పినాం బాబూ. ఎవులూ ఇన్నేదు. నీరు మరెటెల్తాది?" అంది.

ఆఫీసుకొచ్చి వర్షమాపకం రీడింగులు తీశాను. పెద్ద వానే, కానీ ఆ గెడ్డ ఎరగని వాన కాదు. పాత వెడల్పు ఉండి ఉంటే నీరు గట్టు దాటేది కాదు. అదే రాశాను.

మా పై అధికారి రెండుసార్లు చదివారు. లెక్కలో తప్పేమీ లేదన్నారు. గెడ్డ వెడల్పు మాత్రం మొదట్నుంచీ ఇంతే ఉన్నట్టు వెయ్యమన్నారు.

"వాన మీద పెట్టేయండి. వానొచ్చి మనల్నేటీ అడగదు కదా."

ట్రాన్స్‌ఫర్ మాట ఆయన ఎత్తనే లేదు. ఎత్తాల్సిన అవసరం నేను కల్పించలేదు. ఆ పూటే మార్చి, 'అసాధారణ వర్షపాతం' అని రాసి సంతకం పెట్టాను.

వారం తర్వాత ఆవిడ బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. గేదెల నష్టపరిహారం కోసమనుకున్నాను. కాదు.

"గెడ్డ సంగతి రాసినారా బాబూ?" అని అడిగింది.

రాశానన్నాను. ఆవిడ నాకు దండం పెట్టింది. నేను ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను, అందులో ఏముందో నాకు తెలిసినా.

మరుసటి ఏడు ఆ ప్లాట్లలో ఇళ్లు లేచాయి. వాన పడ్డప్పుడల్లా ఆ ఊళ్లోకి నీళ్లొస్తూనే ఉన్నాయి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి వరద రిపోర్టు ఎలా రాయాలో చూపించడానికి ఇప్పటికీ నాదే తీసిస్తారు. భాష బాగుంటుందట.