చిమ్నీ దులిపే మనిషి

పొగచూరిన కప్పుకు పురుగు పట్టదు. మా అమ్మ అలా చెప్పింది, నేను నమ్మాను. తాటాకింట్లో అది నిజమే. ఈ పరాయి దేశంలో, ఇన్వర్‌కార్గిల్ అనే ఊరి నుంచి రెండున్నర గంటల దూరంలో, ఎండుకొండల మధ్య మా అల్లుడు కొన్న చెక్క క్యాబిన్‌లో నిజం కాదు. నాకది ఆలస్యంగా తెలిసింది. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, చాలా సంగతులు నాకు ఆలస్యంగానే తెలిశాయి.

కిందటి చలికాలమంతా ఆ క్యాబిన్‌లోని ఇనప పొయ్యిలో పచ్చికట్టెలే కాల్చాను. అణిగి కాలితే పొదుపని పొయ్యికి గాలి వెళ్లే కంత మూసి పెట్టేదాన్ని. మళ్లీ చలి మొదలవగానే పొగగొట్టం దులిపే మనిషిని అల్లుడు రమ్మన్నాడు. అతనొచ్చేసరికి అమ్మాయీ అల్లుడూ సరుకులకు వెళ్లారు. మా ఆయన కుర్చీలో నిద్రపోతున్నారు. మసి ఇంటికి మంచిదే కదా, పైగా ఇతని బూట్లనిండా దుమ్ము. చెయ్యి ఊపి పంపించేశాను.

"వచ్చి వెళ్లాడా అత్తయ్యగారూ?" అని అల్లుడు అడిగితే, "వచ్చాడు, వెళ్లాడు" అన్నాను.

రెండ్రోజుల తర్వాత పొద్దున్నే పొయ్యి వెలిగించాను. కాసేపటికి గొట్టంలో రైలు పోతున్నట్టు హోరు. లోపల పేరుకున్న మసి అంటుకుంది. అల్లుడు పొయ్యి కంత మూసి మమ్మల్ని బయటికి నడిపించాడు. అమ్మాయి ఫైరింజన్‌కు ఫోన్ చేసింది. వానల్లేక కొండంతా ఎండుగడ్డి. గొట్టం పైనుంచి నిప్పురవ్వలు రాలుతుంటే, అల్లుడు పైపుతో గడ్డి తడుపుతూనే ఉన్నాడు. కింద వేరేవాళ్ల ఇళ్లున్నాయి. వాటివైపే చూస్తూ నిలబడ్డాను.

ఫైరింజన్ వాళ్లు మంట ఆర్పాక అల్లుడు ఫోన్ తీశాడు. "ఆ దులిపేవాడి మీద కంప్లైంట్ ఇస్తాను. ఇంకెవరి ఇంటికీ వెళ్లకూడదు వాడు."

ఒకడి కూటి మీద దెబ్బ. నోరు మూసుకుంటే నాకేం కాదు.

"అతన్నేం అనకు. నేనే పంపించేశాను."

అల్లుడు నా వంక చూశాడు. దుప్పటి కప్పుకుని నిలబడ్డ మా ఆయన, "ఇద్దరం పంపించాం" అన్నారు.

"మీరప్పుడు గురకపెడుతున్నారు."

"గురకలోనే సరేనన్నాలే."

అల్లుడు ఫోన్ జేబులో పెట్టుకుని, తన బూట్లు విప్పి నా ముందు పెట్టాడు. "తడిగడ్డిలో ఉత్తకాళ్లతో ఉన్నారు. వేసుకోండి."

తర్వాతి వారం ఆ దులిపే మనిషే మళ్లీ వచ్చాడు. టీ పెట్టిచ్చాను. బూట్లు విప్పబోతే వద్దని చెయ్యి ఊపాను.