సొరకాయ కూరలో రొయ్యపొడి

నా చేతివంట తిని లొట్టలేయనివారు లేరు. ఆ చెయ్యే ఒకసారి చెన్నై ఆసుపత్రిలో పెద్ద మెషీన్‌ను తికమకపెట్టి, నా మొగుడి ప్రాణం మీదికి తెచ్చింది. నవ్వండి, ఇప్పుడు నవ్వొచ్చు.

మా ఆయన మా దీవిలోని జంగ్లీఘాట్ రేవులో చేపల పడవ నడిపేవాడు. మెడలో క్యాన్సర్ గడ్డ తీసేశాక, మిగిలినదాన్ని చంపడానికి రేడియేషన్ ఉన్న అయొడిన్ మందు ఇవ్వాలన్నారు. ముందు చిటికెడంత ఇచ్చి, మెడ దగ్గర మెషీన్ పెట్టి, ఎంత పట్టిందో కొలిచాకే అసలు మోతాదు లెక్కకడతారట. దానికి ముందు మూడు వారాలు చేప, రొయ్య, సముద్రపు ఉప్పు బంద్.

చేప లేని పళ్లెం ముందు ఆయన కరెంటు పోయిన ఫ్యానులా కూర్చునేవాడు. నాలుగో రోజుకి నా మనసు ఆగలేదు. ఎండురొయ్యలు వేయించి, మెత్తగా దంచి, ఆయనకు చెప్పకుండా సొరకాయ కూరలో కలిపేశాను.

"ఏటే, సొరకాయ ఇంత బాగుంటాదేటి?"

"ఆకలిమీద అన్నీ బాగుంటాయి మావా. తిను."

కొలిపించుకోవడానికి చెన్నై ఓడెక్కేటప్పుడు కూడా ఆ పొడి డబ్బా నింపుకునే వెళ్లాను. చూశారా నా ముందుచూపు.

కొలిచే రోజు డాక్టరమ్మ మెషీన్‌ను చూసింది, కాగితం చూసింది, మళ్లీ మెషీన్‌ను చూసింది.

"మెడలో మందు పట్టనే లేదు. ఇలాగైతే ఈ వైద్యం మీకు పనిచేయకపోవచ్చు. చేపలు తిన్నారా?"

"గంగమ్మ తల్లి కసమ్, మేడమ్. వాసన కూడా సూడనేదు" అన్నాడు మా ఆయన.

"రొయ్యలు?"

"కల్లోకొస్తే తోలీసినాను."

ఆమె తల అడ్డంగా ఊపి పెన్ను తీసింది. మా ఆయన ముఖం పాలిపోయింది. "అయితే నాకింక మందు నేదా మేడమ్?" అన్నాడు మెల్లగా.

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆయనకి తెల్దమ్మా. కూరలో నానే రొయ్యపొడి కలిపీసినాను."

"ఎప్పుడెప్పుడు?"

"సొరకాయ వండినప్పుడల్లా."

"ఎప్పుడు వండారు?"

"రోజూ. రెండు పూటలా."

డాక్టరమ్మ పెన్ను పక్కనపెట్టి నవ్వేసింది. "బతికించారమ్మా. రొయ్యల్లోని అయొడిన్ ముందే నిండిపోతే మా మందుకు చోటెక్కడిది? మూడు వారాలు సరిగా పత్యం పెట్టి తీసుకురండి. మళ్లీ కొలుద్దాం."

నేను వదిలిన ఊపిరికి బల్లమీద కాగితాలు లేచాయి. మా ఆయన తిడతాడనుకున్నాను. ఆయన డాక్టరమ్మ వైపు తిరిగి, "ఆ పత్యం దీనిక్కూడా రాసీండి మేడమ్" అన్నాడు. ఆవిడ రాసేసింది.

మూడు వారాల తర్వాత కొలిస్తే మెడ మందును గట్టిగా పట్టుకుంది. మోతాదు లెక్కకట్టారు, మందిచ్చారు, మనిషి దక్కాడు. ఆసుపత్రి వద్దన్నది ఇక నా పొయ్యి ఎక్కదని అగ్గి సాక్షిగా ప్రమాణం చేశాను. ఆయన నమ్మితే కదా. ఈనాటికీ మొదటి ముద్ద నాకు పెట్టి, నా ముఖం తేరిపార చూశాకే తను తింటాడు.